ఇంగ్లీషు ఊళ్ళో ఇద్దరు వియ్యపురాళ్ళు

2013 ఆగస్టు 6, మంగళవారం

అమెరికాలో ఈ నాక్స్‌విల్‌కి వచ్చి పద్దెనిమిది రోజులు. ఇవాళ మొదటిసారి ఒక ఊరు చూశాను. మాల్ కాదు, పార్కింగ్ లాట్ కాదు... ఊరు.

అల్లుడు నరేష్ మంగళ, గురువారాలు కొండ అవతల కార్ల విడిభాగాల ఫ్యాక్టరీకి వెళ్తాడు. పొద్దున కాఫీ తాగుతూ అన్నాడు — "దారిలో ఒక ఇంగ్లిష్ విలేజ్ ఉందత్తమ్మా. పాత లైబ్రరీ, చర్చి... మీకు నచ్చుతది. పోయేటప్పుడు దింపుత, వచ్చేటప్పుడు పికప్ చేసుకుంట." మా అమ్మాయి శ్రావ్య లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "వెళ్ళమ్మా" అంది.

చెప్పులేసుకుని వెళ్ళేసరికి కారు వెనక సీట్లో అప్పటికే నరేష్ వాళ్ళమ్మ. అండాళమ్మ. ఒళ్ళో టిఫిన్ డబ్బా, పాదాలకి కొడుకు పాత బూట్లు. "నన్నొక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి పోతరా?" అంది. నిజం చెప్పాలంటే ఒంటరిగా వెళ్దామనుకున్నాను. గృహప్రవేశానికని ఇద్దర్నీ ఒకే వారంలో పిలిపించారు పిల్లలు. ఆ సందడి అయిపోయాక ఆవిడతో ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. ఆవిడ జనగామ పక్క సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్ళు నర్సమ్మ. నేను తెనాలిలో ఇంగ్లీషు లెక్చరర్.

గంటంపావు కొండ దారి. తర్వాత హఠాత్తుగా చెట్ల మధ్య కొనదేరిన కప్పుల చెక్క ఇళ్ళు, తెల్ల కంచెలు, చిన్న చర్చి. నూటముప్పై ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరట. బోర్డు మీద పేరు వేరే ఉంది. మాకు మాత్రం అది ఇంగ్లీషు ఊరే.

గేబుల్ అంటే ఏమిటి మేడమ్ అని ఏటా క్లాసులో ఎవరో ఒకరు అడిగేవారు. నల్లబల్ల మీద ఇల్లు గీసి, వాలుకప్పు కింద గోడ త్రికోణం చూపించేదాన్ని. నేనూ ఎప్పుడూ చూడలేదు. ఇంగ్లండు పాఠాలు ముప్పై ఏళ్ళు చెప్పి, పాస్‌పోర్టు మొదటిసారి ఇక్కడికి రావడానికే తీసుకున్నాను. ఇవాళ ఆ త్రికోణం కింద నిలబడ్డాను.

లైబ్రరీ — పుస్తకాలు అప్పుడు ఎవరు ఎక్కడ పెట్టారో అక్కడే ఉన్నాయి. తాకకూడదు. వాసన పీల్చుకోవచ్చు. పీల్చుకున్నాను. కళ్ళు తడయ్యాయి.

"ఏంది వదినె? కంట్ల ఏమన్న పడ్డదా?"

అవునన్నాను.

ఆగస్టు 8

మళ్ళీ వెళ్ళాం. నాలుగున్నరకి వస్తానన్న నరేష్ ఐదున్నరకి వచ్చాడు. ఫోన్లో అడిగితే — "ఇక్కడ ఇంకా నాలుగే అత్తమ్మా!" ఫ్యాక్టరీ ఉన్న ఊరి గడియారం ఈ ఊరికంటే గంట వెనకట. పట్టుమని పాతిక మైళ్ళు లేవు, మధ్యలో గంట తేడా!

అండాళమ్మ కంగారు పడలేదు. చర్చి మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పింది. సర్వపిండి. నేనెప్పుడూ తినలేదు. పెసరట్టు కాదు, రొట్టె కాదు — బియ్యప్పిండి, నువ్వులు, కరకర. రెండు ముక్కలు తిన్నాను. మూడోది తనే చేతిలో పెట్టింది.

నన్ను నువ్వు అంటుంది. నేను మీరు అంటున్నాను. మా కాలేజీలో ప్రిన్సిపాల్ కూడా నన్ను నువ్వు అనలేదు.

ఆగస్టు 13

ఇవాళ ఊరంతా తిప్పి చూపించింది ఒక పెద్దావిడ. పేరు బెటీ. డెబ్బై దాటాయి, పొడుగు గౌను, పురికొసలా తెల్లజడ. జీతం లేదు, ఇష్టంకొద్దీ చేస్తుందట. ఆవిడ ఇంగ్లీషు కొండప్రాంతపు యాస — సగం నాకే అందదు. అందినంత అండాళమ్మకి తెలుగులో చెబుతున్నాను.

ఇంగ్లండులో జమీందార్ల ఇళ్ళలో ఆస్తంతా పెద్దకొడుక్కే. రెండోవాడు, మూడోవాడు ఏం చేయాలి? చేతులతో పని చేస్తే పరువు తక్కువ. అలాంటి చిన్న కొడుకుల కోసం కట్టిన ఊరట ఇది — ఇక్కడ ఎవరూ చూడరు, వ్యవసాయం చేసుకోండి అని.

"నాగలి పట్టుడొస్తదా గీళ్ళకు?" అండాళమ్మ ప్రశ్న.

అడిగాను. బెటీ నవ్వు ఆగలేదు. రాదట. టెన్నిస్ కోర్టు ముందు తయారైందట, పొలాల సంగతి తర్వాతట.

"మా నరేష్‌గాని లెక్క," అంది అండాళమ్మ. "వాడు గీ ఇల్లు కొన్నంక మొదలు గోడకు టీవీ బిగిచ్చిండు. కిటికీలకు పర్దలు ఇంకా కట్టలే."

ఇద్దరం నవ్వాం. బెటీ మా నవ్వు చూసి నవ్వింది.

ఆగస్టు 15

ఈ రోజు గురించి కాస్త వివరంగా రాయాలి.

ఊరు పెట్టిన మొదటి ఏడాదో రెండో ఏడాదో టైఫాయిడ్ వచ్చి కొందరు పోయారు. సమాధుల దగ్గర బెటీ ఆ సంగతి చెబుతోంది. వయసులు చూస్తున్నాను — ఇరవై, ఇరవైమూడు... నా క్లాసులో పిల్లల వయసు. మరణం గురించి నాకు తెలిసిన ఇంగ్లీషు పద్యాలన్నీ గుర్తొస్తున్నాయి. అండాళమ్మ వినడం లేదు. కళ్ళు చిట్లించి అటూ ఇటూ నేల చూస్తోంది.

"వదినె, బాయి ఎక్కడుండెనో అడుగు."

బావి? అడిగాను. అప్పట్లో ఇక్కడున్న హోటల్ పక్కన ఉండేదట. తీసుకెళ్ళి చోటు చూపించింది బెటీ.

"మరి పాయఖాన?"

అది అడగడానికి నాకు నోరు రాలేదు. "అడుగు వదినె! సిగ్గెందుకు, రోగానికి సిగ్గుంటదా?" అడిగాను. బెటీ ఆలోచించి, ఆ పైన వాలులో అయి ఉంటుందని చెయ్యి చూపించింది.

అండాళమ్మ ఆ వాలు వెంట నడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కొడుకు బూట్లతో. పైనుంచి కిందికి చేత్తో గీత గీసింది. "గదే. మీద పాయఖాన, కింద బాయి. వాన పడ్డదంటె అంతా అండ్లకే దిగుతది. మా దగ్గర ఇసువంటి బాయిలు ఎన్ని మూపించిన్నో. సర్పంచ్‌తోని కొట్లాడి మూపించిన."

అనువాదం చేశాను. బెటీ వాలునీ బావి చోటునీ మార్చి మార్చి చూసింది. తర్వాత అండాళమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. జబ్బు హోటల్ నీళ్ళవల్లే వచ్చిందని చదివిందట కానీ, ఈ వాలు ఎక్కి ఎవరూ ఇలా చూపించలేదట.

నేను రాళ్ళ మీద పేర్లు చదివాను. ఈవిడ నేల చదివింది. ఈ వాక్యం క్లాసులో చెప్పే వాక్యంలా ఉంది, కానీ నిజం.

ఆగస్టు 17

శ్రావ్యకి బావి కథ చెప్పాను. "అవునా" అంది. ఏదో మెయిల్ టైప్ చేస్తోంది. బాగా చిక్కింది. కొత్త ఇంటి పని ఎక్కువేమో.

ఆగస్టు 22

ఊరి చివర సమాధులు దాటితే అడవిలోకి కాలిబాట. దిగితే ఏరు. అప్పటి కుర్రాళ్ళు ఈతకొట్టిన మడుగు. ఆడవాళ్ళకి ప్రవేశం లేదట ఆ రోజుల్లో.

"ఇప్పుడున్నది గదా?" అంటూ అండాళమ్మ ముందు నడిచింది.

నిటారుగా దిగుడు. చెట్ల వేళ్ళు మెట్లలా. పక్కన ఇల్లంత ఇసకరాళ్ళు ముందుకి వంగి, కింద పొడినేల, నాచు, ఫెర్న్‌లు. ఎండ పడదు. ఎక్కడో నీళ్ళ చప్పుడు... కనబడకముందే వినబడుతుంది. ఆ చప్పుడుకి ఇంగ్లీషులో పది మాటలున్నాయి, పదీ బోర్డు మీద రాసేదాన్ని. తెనాలిలో మాకు కాలువే కదా, నిశ్శబ్దంగా పోతుంది. ఇవాళ పది మాటల్లో ఏదీ గుర్తు రాలేదు. విన్నాను, అంతే.

అండాళమ్మ బూట్లు విప్పి నీళ్ళలో దిగింది. "అబ్బ... ఐసు!" నన్నూ రమ్మంది. నేను ఒడ్డునే అన్నాను. "ఎవరు జూస్తరు? నీ స్టూడెంట్లు ఈడికొస్తరా?"

దిగాను. మోకాళ్ళ దాకా. అరవయ్యో ఏట.

ఎక్కేటప్పుడు ఆవిడ మోకాలు పట్టేసింది. నా భుజం పట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతూ పైకి వచ్చాం. ఆగినప్పుడల్లా ఎవర్నో తిట్టింది — కొండనా, మోకాలినా, మడుగుకి ఆడవాళ్ళని రానివ్వని ఆ ఇంగ్లీషు కుర్రాళ్ళనా, తెలియదు.

ఆగస్టు 27

బెటీ ఇవాళ అడిగింది — మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?

కాదన్నాను. మరి?

ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. వియ్యపురాలికి ఇంగ్లీషులో మాట లేదు! నా కూతురి భర్తగారి తల్లి అని తిప్పి తిప్పి చెప్పాల్సి వచ్చింది. అంత ముఖ్యమైన చుట్టరికానికి పేరు పెట్టుకోలేదు ఆ భాష. బెటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది — కూతురు, భర్త, తల్లి... "ఓ!" అంది.

"ఏమంటున్నది?" అండాళమ్మ.

"మన చుట్టరికం ఏమిటని."

"వదినె అని చెప్పకపోయినవా? వా-ది-నె," అని బెటీకి తనే నేర్పించింది. బెటీ ఇప్పుడు నన్ను కూడా వాదిని అంటోంది.

సెప్టెంబర్ 3

ఇవాళ వెళ్ళలేదు, నరేష్‌కి వేరే పని. రోజంతా ఏమీ తోచలేదు. మధ్యాహ్నం టీవీలో రాష్ట్ర విభజన చర్చ, అందరూ అరుస్తున్నారు. "బంద్ జెయ్యి వదినె," అని రిమోట్ తీసుకుని ఆపేసింది అండాళమ్మ. ఇద్దరం కూర్చుని చిక్కుళ్ళు ఒలిచాం.

సెప్టెంబర్ 12, గురువారం

ఇవాళ రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

ఊళ్ళో వాన. చర్చి వసారాలో కూర్చున్నాం. నరేష్ రావడానికి ఇంకా టైముంది. నేనే మాట్లాడుతున్నాను — ఎప్పుడూ నేనే కదా. వసంతంలో ఇక్కడ కొండంతా పూలు పూస్తాయని బెటీ చెప్పింది, మళ్ళీ ఏడాది మనం ఏప్రిల్‌లో రావాలి, అప్పటికి ఒక మనవడో మనవరాలో కడుపున పడితే...

"వదినె." ఆవిడ నా మాట మధ్యలో ఎప్పుడూ ఆపలేదు. "ఒక మాట. కోపం జెయ్యకు."

పిల్లలు మాట్లాడుకోవడం లేదట. ఏప్రిల్ నుంచి. పడుకునేది కూడా వేరే గదుల్లో. శ్రావ్యకి మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, నవంబర్‌లో ఒక్కతే వెళ్ళిపోతోంది. తర్వాత ఏమిటో ఇద్దరికీ తెలియదు. లేదా తెలుసు, చెప్పడం లేదు.

"మీకు... ఎప్పుడు తెలిసింది?"

"వచ్చిన వారంలనే. రెండు బాత్‌రూముల రెండు బ్రష్షులు జూసిన. వాణ్ణి అడిగిన. చెప్పిండు."

వచ్చిన వారం. అంటే గృహప్రవేశం నాటికే. ఇద్దరూ పీటల మీద కూర్చుని, కొంగుముడి వేసుకుని, పాలు పొంగించారు. నేను వీడియో తీశాను.

"ఇన్ని రోజులు నా పక్కన కూర్చుని... నాకు చెప్పలేదు."

"చెప్తే ఇగ నువ్వు నాతోని రావనుకున్న."

లేచి వానలోకి వెళ్ళాను. కారు వచ్చేదాకా లైబ్రరీ చూరు కింద ఒక్కదాన్నీ నిలబడ్డాను. దారి పొడవునా కిటికీలోంచి చూశాను. నరేష్ "అలిసిపోయిన్రా అత్తమ్మా" అన్నాడు. పాపం, నాకు తెలిసిపోయిందని వాడికేం తెలుసు.

సెప్టెంబర్ 13

నరేష్ ఆఫీస్‌కి వెళ్ళాక వంటింట్లో శ్రావ్యని పట్టుకున్నాను.

"నిజమేనా?"

టోస్టర్ వైపు చూస్తూ నిలబడింది. "ఆంటీ చెప్పారా?" అత్తగారిని ఆంటీ అంటుంది. "చెప్పరనుకున్నా."

చెప్పింది. కన్నీళ్ళు లేవు, అందుకే నాకు భయం వేసింది. ఎంటెక్ చదివి నాలుగేళ్ళు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుంది. "నాలుగేళ్ళమ్మా! కూరలు, జిమ్, నెట్‌ఫ్లిక్స్. నరేష్ ప్రాజెక్ట్ ఎక్కడుంటే అక్కడ ఊరు మారడం." తనే అప్లై చేసుకుంది, తనే ఇంటర్వ్యూలు ఇచ్చింది, కంపెనీ తన పేరు మీద హెచ్ వన్ వీసా చేయించింది. కార్ డిజైన్. చదివిన చదువు.

"అతనికి చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నా. హెచ్ వన్ వస్తుందో రాదో అని ఆగా. ఆఫర్ లెటర్ ప్రింటర్‌లో మర్చిపోయా. చూశాడు."

"మరి అప్పట్నుంచి..."

"మాట్లాడుకుంటాం. ట్రాష్ బయట పెట్టావా అని."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు చెప్తే క్లాస్ తీసుకుంటావమ్మా."

టోస్ట్ మాడిన వాసన. నేను నోరు తెరిచాను — నిజంగానే మొదటి వాక్యం సిద్ధంగా ఉంది, రెండోది కూడా. నోరు మూసుకున్నాను.

సెప్టెంబర్ 14

అండాళమ్మతో మాట్లాడలేదు.

సెప్టెంబర్ 16

ఆవిడ సర్వపిండి చేసి బల్ల మీద మూత పెట్టింది. తినలేదు. తర్వాత తిన్నాను. ఆవిడ చూడకుండా.

సెప్టెంబర్ 19

ఇప్పుడు ఈ ఇంట్లో నలుగురం, మాట్లాడుకునేవాళ్ళు లేరు. డిష్‌వాషర్ ఒక్కటే చప్పుడు చేస్తోంది. అంతకుముందు ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉండి ఉంటే ఈ పిల్లలు చెరొక అమ్మనీ పిలిపించుకుని ఉంటారు! గృహప్రవేశం ఒక వంక. ఇంట్లోకి రెండు గొంతులు కావాలి వాళ్ళకి. నా గొంతు హోరులో నాకు ఇల్లే కనబడలేదు, రెండు బ్రష్షులు ఎక్కడ కనబడతాయి.

సెప్టెంబర్ 24, మంగళవారం

నరేష్ అడిగాడు — "ఇంగ్లిష్ విలేజ్‌కి వస్తరా?" అండాళమ్మ మోకాలు నొప్పి అంది. అబద్ధం. నేనొక్కదాన్నే. ముందు సీటు.

ఇరవై మైళ్ళు రోడ్డు చూస్తూ వచ్చాం. తర్వాత అతనే —

"వెళ్ళొద్దని నేను ఎప్పుడన్న అన్ననా అత్తమ్మా? ప్రింటర్ చెప్పింది నాకు. భార్య కాదు."

"ఊఁ" అన్నాను. ముప్పై ఏళ్ళలో ఏ విద్యార్థికీ అంత చిన్న జవాబు ఇవ్వలేదు. అందుకేనేమో ఇంకా చెప్పాడు. ఆమె నాలుగేళ్ళు ఇంట్లో ఏం చేస్తోందో తను అడగలేదట. బాగానే ఉందనుకున్నాడట. అడగకపోవడం తన తప్పేనట. కానీ...

"ట్రాయ్‌లో నాకు కూడ జాబ్స్ ఉంటయి. ప్లాంట్లన్నీ అక్కడనే. నువ్వు కూడా రా అంటే..."

"అంటే?"

"అనాలె గద."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకున్నాడు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాడిలా.

బెటీ నన్ను చూడగానే వెనక్కి చూసింది. "వాదిని ఎక్కడ?" బాగోలేదన్నాను. ఆవిడ డ్రాయర్‌లోంచి ఒక కాగితం తీసింది. బావి మాట అయిన దగ్గర్నుంచి పాత పెట్టెలు వెతుకుతోందట. అప్పటి డాక్టర్ చేతిరాత, జిరాక్స్. మా వాదినికి ఇవ్వమంది. నాకు కాదు. ఆవిడకి.

ఒక్కదాన్నే ఊరంతా తిరిగాను. అవే ఇళ్ళు, అదే చర్చి. ఏదీ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. గంటలో అయిపోయింది. మిగతా రోజంతా కూర్చున్నాను.

సెప్టెంబర్ 25

వెనక డెక్ మీద అండాళమ్మ బెండకాయలు కోస్తోంది. ఎదురు కుర్చీలో కూర్చుని కాగితం విప్పాను. "బెటీ మీకు పంపింది."

"నాకు ఇంగ్లీష్ రాదు గదా."

చదివి చెప్పాను. డాక్టర్ చేతిరాత ఘోరం, నాకు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. హోటల్ బావి శుభ్రం చేయించాలని, అది అయ్యేవరకూ ఎవరూ ఆ నీళ్ళు తాగకూడదని, మరుగుదొడ్డి బావికి ఎగువన ఉండటం ప్రమాదమని రాశాడు. అండాళమ్మ కత్తి పక్కన పెట్టి వింది.

"అంటే నేను జెప్పిందే."

"నువ్వు చెప్పిందే."

కాగితం తీసుకుని, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. మళ్ళీ బెండకాయలు అందుకుంది. తర్వాత తల ఎత్తకుండానే —

"వదినె. ఒకటడుగుత. గీ పిల్లలు ఇడిసిపెట్టుకుంటె, నేను నీకేమైత?"

బెటీకి చెప్పలేకపోయినప్పుడు లోపం ఇంగ్లీషుది అనుకున్నాను. తెలుగులో కూడా నా దగ్గర మాట లేదు.

"ఏమో," అన్నాను. "నాకు ముందే చెప్పాల్సింది నువ్వు."

"తప్పే. మా నరేష్ ముందు జెప్పిండు గనక నా కొడుకు ముచ్చట అనుకున్న. నీ బిడ్డ ముచ్చట గూడ అనుకోలే."

నేను ఇంకో కత్తి తెచ్చుకుని కూర్చున్నాను. నా ముక్కలు మరీ పెద్దవని మళ్ళీ కోసింది.

సెప్టెంబర్ 28

ఒప్పందం: నా కూతురి తరఫున నేను మాట్లాడను, కొడుకు తరఫున ఆవిడ మాట్లాడదు. కావాలంటే తిరగేసి. ఇవాళ ఆవిడే నరేష్‌కి చెప్పింది — "నాలుగేండ్లు ఆ పిల్ల ఇంట్ల కూసుంటె నీకు కండ్లు లేవారా?" నేను శ్రావ్యతో అన్నాను — "ప్రింటర్‌లో చూడటం ఎవరికైనా కష్టమేనే." ఆ ఒక్క మాటే చెప్పి బయటికి వచ్చేశాను. నాకే ఆశ్చర్యం.

అక్టోబర్ 5

శ్రావ్య పెట్టెలు కొనుక్కొచ్చింది. అట్టపెట్టెలు. గరాజ్‌లో మడిచి ఉన్నాయి. అండాళమ్మ వాటిని చూసింది. తలుపు వేసింది.

అక్టోబర్ 10

ఊరికి వెళ్ళాం. మేపుల్ ఆకులు రంగు మారడం మొదలైంది — ఒక్కో చెట్టుకి ఒక్క కొమ్మ మాత్రం ఎర్రగా. బెటీ అండాళమ్మని కౌగిలించుకుంది. ఆ డాక్టర్ కాగితం అద్దం వెనక పెట్టి, కింద అండాళమ్మ పేరు రాస్తారట, వాలు చూపించినావిడ అని. "నా పేరా? ఎందుకు?" అని వద్దని చేతులూపింది. తిరిగొచ్చే దారంతా మాత్రం — పూర్తి పేరు రాస్తరా, ఇంటిపేరు గూడనా, అక్షరాలు నువ్వు రాసిచ్చినవా?

రాసిచ్చాను. రెండుసార్లు సరిచూసి.

అక్టోబర్ 16

రాత్రి భోజనాల దగ్గర అండాళమ్మ ప్రకటించింది. "ఆదివారం మేం ఇద్దరం ఇంగ్లీషు ఊరికి పోతం. మీరిద్దరు తీస్కపోవాలె. గంతే."

"నాకు ప్యాకింగ్ ఉంది ఆంటీ..."

"ఇంకా టైమున్నది. రెండు వారాలున్నది."

నరేష్ పళ్ళెంలోకి చూస్తున్నాడు. నా వంతు. నా దగ్గర ఎన్ని వాక్యాలు! "నువ్వు ఒక్కసారీ చూడలేదే ఆ ఊరు," అన్నాను. అంతే.

"సరే," అంది. నరేష్ తల ఎత్తాడు.

అక్టోబర్ 20, ఆదివారం

ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. సమాధులు దాటాక, ఏటికి దిగే బాట మొదట్లో బెంచీ. మొత్తం అడవి పసుపు, ఇటుక రంగు, ఎరుపు. ఎండ పడిన చోట చూడలేకపోతున్నాం.

వచ్చేటప్పుడు నలుగురం ఒకే కారు. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ. మాట లేదు, కానీ కొండ మలుపులో శ్రావ్యకి కడుపులో తిప్పితే నరేష్ అడక్కుండా కారు ఆపాడు. నీళ్ళ బాటిల్ ఇచ్చాడు. తీసుకుంది.

లైబ్రరీ చూపించాను. అద్దం వెనక కాగితం, కింద చిన్న కార్డు మీద పేరు. శ్రావ్య చదివింది. మళ్ళీ చదివింది. "ఆంటీ... ఇది మీరేనా?" అండాళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరేష్ ఫోటో తీశాడు. "అమ్మా, కొంగు తియ్యి." ఫోటోలో పడటానికి శ్రావ్య కూడా పక్కకి జరిగింది. తనంతట తనే.

చర్చి దగ్గర పరోటాలు తిన్నాం. తర్వాత నలుగురం ఈ బెంచీ దాకా వచ్చాక అండాళమ్మ — "ఏరు జూసి రాండ్రి. మాకు మోకాళ్ళు నొస్తున్నయి, మేం ఈడనే కూసుంటం." నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అయినా తలూపాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నరేష్ ముందు దిగాడు. మూడు అడుగులు దిగి, ఆగి, వెనక్కి చూశాడు. వేళ్ళు జారతాయని చెప్పాడు అనుకుంటా. శ్రావ్య వెళ్ళింది. చెట్లు మూసుకున్నాయి.

రెండింటికి వెళ్ళారు. దిగి ఎక్కడానికి ముప్పావుగంట. మేం ఎక్కినట్టు ఆగి ఆగి ఎక్కితే గంట. ఇప్పుడు మూడూ నలభై.

బెటీ వచ్చి పలకరించి వెళ్ళింది. 

"పడలే గద?" అన్నాను. భయంలో నాకు కూడా ఆవిడ యాస వచ్చేస్తోంది.

"పడితే ఒకరన్న వచ్చి చెప్తరు."

"మరి ఇంతసేపు..."

"మాట్లాడుకుంటున్నరేమో. లొల్లి పెట్టుకుంటున్నరేమో. ఏదైనా మంచిదే వదినె. ఆ ఇంట్ల ఆ సప్పుడే లేకపాయె."

ఇప్పుడే కింద నుంచి ఏదో వినిపించింది. శ్రావ్య గొంతు. పెద్దగా. తర్వాత నరేష్ గొంతు — అది ఇంకా పెద్దగా. మాటలు అందడం లేదు, నీళ్ళ హోరు. అరుపో నవ్వో తెలియడం లేదు. మళ్ళీ శ్రావ్య. చాలాసేపు తనే. తను అంతసేపు మాట్లాడటం నేను ఈ మూడు నెలల్లో వినలేదు.

లేచాను. కొంచెం దిగితే కనబడతారు, ఆ పెద్ద రాయి దాకా వెళ్తే చాలు.

చీర వెనక నుంచి ఎవరో లాగారు.

"కూసో," అంది అండాళమ్మ.

కూర్చున్నాను.